పెసలు మొలిచిన దూలం

భవాని మెట్లెక్కి వచ్చేసరికి చంకలో పిల్లాడు ఆదమరిచి నిద్రపోతున్నాడు. ఆమె మాత్రం గోడ పట్టుకుని నిలబడింది. హనుమాన్ జంక్షన్‌లో టైర్ల కొట్టు పైనున్న ఆ రెండు గదుల ఆఫీసుకి మామూలుగా వచ్చేవాళ్ళు వేరు. పెళ్ళికొడుకు తాగుతాడో లేదో కనుక్కోమనేవాళ్ళు, అమ్మిన పొలాన్నే ఇంకొకడికి అమ్మాడేమో ఆరా తీయమనేవాళ్ళు. వాళ్ళెవరూ ఇలా గోడ పట్టుకుని నిలబడరు.

"డిటెక్టివ్ గారంటే మీరేనాండీ?" అంది ప్రవల్లికని చూసి.

"నేను కాదమ్మా, లోపల సారు. ముందు కూర్చో. పిల్లాడికి ఎండ తగిలినట్టుంది, ఫ్యాను కిందకి రా."

ప్రవల్లికకి ఇంటర్ సగంలో ఆపించి పెళ్ళి చేశారు. కూతుర్ని బాపులపాడులో తల్లి దగ్గర వదిలేసి రోజూ ఆటోలో వచ్చి ఈ ఆఫీసు చూసుకుంటుంది. పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉందని ఫోనొస్తే చాలు, చేతిలో పని చేతిలోనే ఉండిపోతుంది. అందుకే ఎవరి చంకలోనైనా పిల్లాడు కనిపిస్తే ముందు వాడి నుదురు ముట్టుకుంటుంది. ముట్టుకుంది. చల్లగానే ఉంది. ఊపిరి పీల్చుకుని లోపలికి కేకేసింది.

జోజిబాబు బయటికి వచ్చాడు. పదిహేనేళ్ళు ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల రెక్కలు బాగుచేసి, తర్వాత ఇన్సూరెన్సు కంపెనీలకి దొంగ క్లెయిములు పట్టిచ్చి, చివరికి ఈ బోర్డు పెట్టుకున్న మనిషి. బట్టతల, పెద్ద చెవులు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకి వంచి వింటాడు. ఆ తల వంపు చూస్తే ప్రవల్లికకి ధైర్యం. లోకంలో ఒక్క మనిషైనా మాట చివరిదాకా వింటాడని.

"మా ఆయన మనిషిని చంపాడంటున్నారు సార్," అంది భవాని. "ఆయన కోడిని కూడా కొయ్యలేడండీ. ఆదివారం కోడి కొయ్యాలంటే పక్కింటోళ్ళని పిలుస్తాడు."

"ఎవర్ని చంపాడంటున్నారు?"

"నాగరాజన్నని. రేకుల మేస్త్రి."

కథ ముక్కలు ముక్కలుగా వచ్చింది. రెడ్డిగూడెం దారిలో లక్ష్మీనరసింహారావు గారి మామిడి తోట ఉంది. తోటలో కాయలు ప్యాక్ చేసే షెడ్డు ఉంది. ఆయన అల్లుడు రాజీవ్ ఇంజినీరు. ఆ షెడ్డులోనే సగం తీసుకుని, తోటలకి మందు కొట్టే చిన్న విమానం తయారు చేస్తున్నాడు. మనిషి ఎక్కనక్కర్లేదు, కింద నుంచే నడపొచ్చు. వారం కిందట చుట్టుపక్కల రైతుల్ని పిలిచి దాని రెక్క ఎంత బరువు మోస్తుందో చూపించబోయారు. రెక్కని తలకిందులుగా ఒక కొసన ఇనప స్టాండుకి బిగించి, దాని మీద ఇసక బస్తాలు పేర్చారు. పేర్చినవాడు భవాని మొగుడు చందు. రెక్క కింద కూర్చుని స్కేలు చూసి ఎంత వంగిందో చెప్పినవాడు నాగరాజు. చివరి బస్తా పెట్టగానే రెక్క విరిగి, బస్తాలన్నీ నాగరాజు మీద పడ్డాయి. ఆస్పత్రి దాకా కూడా పోలేదు ప్రాణం.

"చందు కావాలనే బస్తాలు అంచు మీద పెట్టాడంటున్నారండీ రాజీవ్ గారు. ముందురోజు వాళ్ళిద్దరికీ మాటా మాటా వచ్చింది నిజమే. అన్న బండి ఈయన తీసుకెళ్ళి పెట్రోలు పోయించకుండా తెచ్చిచ్చాడని. దానికే చంపుతారా సార్ ఎవరైనా?"

"పెట్రోలు కోసం చంపేదుంటే జంక్షన్‌లో ఈపాటికి ఒక్కడు మిగలడు," అన్నాడు జోజిబాబు. "చందు ఎక్కడున్నాడిప్పుడు?"

"లోపలేశారండీ. భయపడి పారిపోయాడు. పారిపోయాడు కాబట్టి వాడేనన్నారు." పిల్లాడు కదిలితే ఆమె గొంతు తగ్గించింది. "నన్ను తోటలో పనికి రావద్దన్నారు. ఊళ్ళో హంతకుడి పెళ్ళాం అంటున్నారు. వీడు పెద్దయ్యాక వీణ్ణేమంటారు?"

జోజిబాబు తల పక్కకి వంచి విన్నాడు. తర్వాత బండి తాళాలు తీశాడు.

*

తోటలో అడుగుపెట్టగానే వాసన ముక్కుకి తగిలింది. చివరి కోతలు. రెండు రోజులు ఎడతెరిపి లేని వాన పడటంతో మచ్చలొచ్చిన కాయల్ని షెడ్డు వెనక కుప్పగా పోశారు. అవి మురిగి, పగిలి, రసం కారి, ఆ తీపి కుళ్ళు గాలంతా పట్టుకుంది. ఈగలు నల్లగా ముసిరాయి. ప్రవల్లిక పైట కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు రసం కాయ పీల్చుకుంటూ మోచేతుల దాకా కార్చుకున్న మనిషే ఆమె. ఇవాళ ఆ వాసనకి నాలుగడుగులు దూరంగా జరిగింది.

షెడ్డు పొడుగ్గా ఉంది. తూర్పు వైపు ఒకే ఒక పెద్ద తలుపు, మిగిలిన మూడు వైపులా నేల దాకా రేకులు. సగం గచ్చు, సగం మట్టి నేల.

లక్ష్మీనరసింహారావు కుర్చీలోంచి లేవలేదు. తెల్లటి పంచె, వేళ్ళకి ఉంగరాలు. "ప్రైవేటు డిటెక్టివా? మా ఊళ్ళో సినిమాల్లో తప్ప చూళ్ళేదే," అని నవ్వాడు. "చూడండి, అడ్డు లేదు. పోయినోడు ఎలాగూ పోయాడు. చేసినోడు లోపలున్నాడు. ఇంకేం మిగిలిందని?"

"చేశాడో లేదో మిగిలిందండీ," అన్నాడు జోజిబాబు.

రాజీవ్ వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, తెల్ల షూలు. చెయ్యి కలిపి, వెంటనే జేబులోంచి శానిటైజర్ తీసి అరచేతులు రుద్దుకున్నాడు. ప్రవల్లిక అది చూసింది. అతను అంతకుముందే పట్టుకున్న చెయ్యి జోజిబాబుది.

"రెక్క లోపల ఏముంటుంది బాబూ?" అడిగాడు జోజిబాబు, ఏమీ తెలియనివాడిలా.

"స్పార్. అంటే దూలం అనుకోండి. పల్చటి అల్యూమినియం రేకులతో నాలుగు వైపులా మూసిన పొడుగాటి పెట్టె. లోపలంతా బోలు. విమానంలో బరువు పెట్టలేం కదా. రేకు ఎంత పల్చనైనా పర్లేదు, బలం ఆకారంలో ఉంటుంది."

"బరువు పెడితే వంగదూ?"

"వంగాలి. వంగితే ఒకవైపు రేకు నలుగుతుంది, రెండోవైపు సాగుతుంది. దానికి తగ్గట్టే లెక్క వేస్తాం. నా లెక్కలో తప్పు లేదు. ఆ దూలం అంతకి రెట్టింపు మోస్తుంది."

"మరెందుకు విరిగింది?"

"బస్తాలు వెనకంచు మీద పేర్చాడు వాడు. రెక్క మెలి తిరిగిపోయింది. లేబర్ ప్రాబ్లమండీ. ఎంత చెప్పినా ఎక్కదు వీళ్ళకి."

"పరీక్షకి ముందు మీరొకసారి చూసుకున్నారా?"

"ఆ రోజు పొద్దున్నే. రేకుల్ని కలిపే ప్రతి రివిట్టూ చేత్తో తడిమి చూశాను. నాకది అలవాటు. ఇంకొకళ్ళ మీద వదలను."

"మంచి అలవాటు," అన్నాడు జోజిబాబు. "పోలీసులకీ అదే చెప్పారా?"

"సంతకం పెట్టి మరీ."

విరిగిన రెక్క షెడ్డు వెనక, కుళ్ళు కాయల కుప్ప పక్కనే పడి ఉంది. చుట్టూ పోలీసులు కట్టిన తాడు. వానకి తడిసి, ఎండకి ఎండి, చచ్చిన కొంగలా ఉంది. జోజిబాబు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రవల్లిక ఈగల్ని తోలుతూ పక్కన వంగింది.

"ఇదేంటమ్మాయ్?"

రెక్కకి తొడిగిన గుడ్డ, బస్తాలు పేర్చిన వైపు, నేలకి బోర్లా పడి ఉండటంతో అక్కడ వాన తగల్లేదు. దాన్ని ఎత్తి చూశారు. బస్తాలు ఎక్కడెక్కడ పెట్టాలో సుద్దతో సున్నాలు గీసి ఉన్నాయి. ప్రతి సున్నా లోపల సుద్ద చెరిగి, ఇసక అంటుకుని ఉంది. వెనకంచు దగ్గర గుడ్డ శుభ్రంగా ఉంది.

"బస్తాలు సున్నాల్లోనే కూర్చున్నాయి సార్. అంచు మీద పెట్టలేదు."

"ఊఁ. అయినా మెలి తిరిగింది. ఆ మాట మటుకు అతను నిజమే చెప్పాడు. ఇటు చూడు."

స్టాండుకి బిగించిన కొస దగ్గర దూలం విరిగింది. కాదు, విరిగినట్టు లేదు. చాకలి పిండిన పంచెలా పురి తిరిగింది. పక్క రేకు మీద ముడతలు నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా పడ్డాయి. ఆ చోట దూలం మూత రేకుకి ఒక అంచు పొడుగునా, రెండు మూరల మేర, రివిట్లు లేవు. చిరిగి ఊడిపోలేదు. ఖాళీ కన్నాలు, గుండ్రంగా, డ్రిల్లు పెట్టి తీసినట్టు. అక్కడక్కడ గీకేసిన, రేకులు అతికించే బూడిదరంగు సీలు ముద్ద. ఆ వరస మొదట్లో మాత్రం నాలుగైదు రివిట్లు కొత్తగా మెరుస్తున్నాయి. పాతవాటికన్నా వాటి తలలు కొంచెం పెద్దవి.

జోజిబాబు టార్చి వేసి బోలులోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇవేంటి?"

ప్రవల్లిక తొంగి చూసింది. దూలం లోపల, తడి మట్టి పేరుకున్న మూల, తెల్లటి కాడలతో, లేత ఆకుపచ్చ తలలతో చిన్న చిన్న మొలకలు.

"పెసలు సార్. మొలకలొచ్చాయి."

"అల్యూమినియానికి పెసలు కాయవు కదమ్మా."

ఆమె గడ్డిపుల్లతో కెలికింది. నువ్వులు, ఉబ్బిన మినుములు, రెండు శనగలు. రేకుకి పసుపు మరక. "సార్, ఇవి నవధాన్యాలు. మా పుట్టింట్లో ఇల్లు కట్టినప్పుడు దూలం ఎత్తే రోజు పసుపు గుడ్డలో మూట కట్టి పెట్టారు. అమ్మ పూజ చేయకుండా దూలం ఎత్తనివ్వలేదు."

"మరి మూట గుడ్డ ఏదీ?"

గుడ్డ లేదు. ఎవరో తీసేశారు. గింజలు ఏరడం మాత్రం వాళ్ళ వల్ల కాలేదు.

లోపలికి వచ్చి షెడ్డంతా తిరిగారు. గోడ వారన బల్ల మీద రివిట్లు కొట్టే గన్ను పడి ఉంది. దాని నోట్లో ఒక రివిట్టు, పెద్ద తలది, కొట్టడానికి సిద్ధంగా బిగించి ఉంది. పక్కన అదే రకం రివిట్ల పొట్లం, దాదాపు నిండుగా. జోజిబాబు వాటిని ముట్టుకోకుండా ఫోటో తీశాడు. మట్టి నేల మీద కుర్చీల కాళ్ళ గుంటలు రెండు వరసలు. ఒకటి స్టాండుకి దగ్గరగా, రెండోది బాగా వెనక, గోడకి ఆనుకుని. రెండూ లోతుగానే ఉన్నాయి. రెండు చోట్లా మనుషులు కూర్చున్నారు.

*

తోటలోనే ఉన్న ఇంటి వంటింట్లో సుబ్బరత్నమ్మ ప్లేటులో మామిడి ముక్కలు పెట్టి ఇచ్చింది. లక్ష్మీనరసింహారావు భార్య. పెద్ద బొట్టు, కళ్ళ కింద నల్లటి చారలు. ఆమె కూతురు, రాజీవ్ భార్య ఉదయశ్రీ వసారాలో ఏడాది పిల్లకి అన్నం తినిపిస్తోంది.

"మీరు తినరేంటమ్మా?" అన్నాడు జోజిబాబు.

"నేను వారం రోజులుగా ఏమీ ముట్టుకోవటం లేదండీ. సయించటం లేదు."

"ఆ రోజు మీరూ షెడ్డులో ఉన్నారా?"

"ఉన్నానండీ. భోజనాలయ్యాక అందరం వెళ్ళాం. ముందు వరసలో కూర్చోబెట్టాడు అల్లుడు. సగం బస్తాలు పెట్టాక కుర్చీలు వెనక్కి జరపమన్నాడు. ఎండ కొడుతోందని."

"నాగరాజు మంచివాడేనా?"

ఆమె చేతిలో చాకు ఆగింది. "నా మాట కాదనేవాడు కాదండీ," అంది. ఆ తర్వాత ఏం అడిగినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది తప్ప పెదవి విప్పలేదు. ఇంతలో గుమ్మంలో రాజీవ్ కనపడ్డాడు. "అత్తయ్యకి బీపీ. ఇంక వదిలేయండి," అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికి సుబ్బరత్నమ్మ భుజాలు దగ్గరకి ముడుచుకోవడం ప్రవల్లిక చూసింది.

ప్రవల్లిక కూడా ముక్క నోట్లో పెట్టుకోలేక ప్లేటు పక్కన పెట్టేసింది. కారులో తిరిగి వస్తుంటే అడిగింది: "సార్, ఆ పెద్దావిడే మూట పెట్టించింది కదా?"

"పెట్టించింది."

"పాపం. తెలీక చేసింది."

"అవును. తెలీక చేసినవాళ్ళకి అన్నం సయించట్లేదు. తెలిసి చేసినవాడు శానిటైజర్ రాసుకుంటున్నాడు." జోజిబాబు కిటికీలోంచి బయటికి ఉమ్మేశాడు. అతను అలా చేయడం ప్రవల్లిక ఎప్పుడూ చూడలేదు. "కానీ నా దగ్గరున్నవి కన్నాలు, గుంటలు, మొలకలు. వీటితో చందు మీద కేసు బలహీనపడుతుంది, అంతే. కొట్టెయ్యరు. మిగిలింది ఆవిడ నోట్లో ఉంది."

*

మర్నాడు జోజిబాబు ఎస్సై గారిని వెంటబెట్టుకుని అందర్నీ షెడ్డులోకి రమ్మన్నాడు. లక్ష్మీనరసింహారావు, సుబ్బరత్నమ్మ, రాజీవ్, చంకలో పిల్లతో ఉదయశ్రీ. భవాని కూడా వచ్చింది. ఆమెకి ఎవరూ కుర్చీ వేయలేదు. తలుపు దగ్గర గడప బయట కూర్చుంది. ప్రవల్లిక తన కుర్చీ తీసుకెళ్ళి ఇస్తే, "వద్దక్కా, పిల్లాడు పడతాడు," అంది.

జోజిబాబు ప్యాకింగు బల్ల మీద రెండు ఖాళీ మామిడి అట్టపెట్టెలు పెట్టాడు. ఒకదాని మూతకి టేపు గట్టిగా అంటించి ఉంది. రెండోదాని మూత ఒకవైపు ఊడి ఉంది.

"అయ్యా, మీ షెడ్డులో పుట్టి పెరిగిన వస్తువులే ఇవి. రెండు చేతుల్తో పట్టుకుని మెలి తిప్పండి."

లక్ష్మీనరసింహారావు విసుగ్గా తీసుకున్నాడు. టేపు వేసినది కిర్రుమంది కానీ తిరగలేదు. రెండోది ఒక్క తిప్పుకి తాడులా పురి తిరిగింది.

"అట్ట అదే, మందం అదే. నాలుగు వైపులా మూసి ఉన్నంతసేపే పెట్టెకి బలం. ఒక్క అతుకు వదిలిందా, అది పెట్టె కాదు, మడిచిన కాగితం. విమానం దూలమూ ఇంతే. దాన్ని వంచే బరువు ఎప్పుడూ కొంచెం మెలి కూడా తిప్పుతుంది. మూసిన దూలం ఆ మెలిని లెక్కచేయదు. అతుకు విప్పిన దూలం లొంగిపోతుంది. చందు బస్తాలు సున్నాల్లోనే పెట్టాడు. ఎస్సై గారూ, ఆ రెక్క గుడ్డ మీరూ చూశారు."

"చూశాను," అన్నాడు ఎస్సై.

"దూలం అతుకు ముందే విప్పి ఉంది. రెండు మూరల మేర రివిట్లు డ్రిల్లు పెట్టి తీశారు. లోపల ఏదో పెట్టి, అప్పటికి రివిట్లు లేక సీలు ముద్దతో అంటించారు. పెట్టినదేమిటో ఇదుగో." గాజు గిన్నెలో మొలకలు చూపించాడు. "నేరం చేసినవాళ్ళు నవధాన్యాలు పెట్టరు. ఇల్లు చల్లగా ఉండాలని కోరుకునేవాళ్ళు పెడతారు."

సుబ్బరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లక్ష్మీనరసింహారావు భార్య వైపు తిరిగాడు. ఆయన నోరు తెరిచేలోపే రాజీవ్ లేచాడు.

"అవును, అత్తయ్యే! ఆవిడ మూఢనమ్మకమే వాణ్ణి చంపింది. దూలమంటే ఇంటి దూలం అనుకుంది. నాకు చెప్పకుండా నాగరాజు చేత పెట్టించింది. పెద్దావిడ జైలుకి పోతుందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. పోనీ కుటుంబం కదా అని!"

బయట ఈగల రొద వినిపించింది. ప్రవల్లికకి ఒళ్ళంతా ఏదో జిగటగా పాకినట్టయింది. కాపాడానంటూనే ఆవిణ్ణి తీసుకొచ్చి నడి షెడ్డులో పడేశాడు, అరనిమిషం కూడా ఆగకుండా.

"కూర్చోండి బాబూ," అన్నాడు జోజిబాబు. "మూట సంగతి మీకు తెలుసన్నమాట. ఎప్పుడు తెలిసింది?"

"రెక్క... విరిగాక. మూట గుడ్డ బయటపడితే నేనే తీసేశాను."

"విరిగాకనా? పొద్దున్నే ప్రతి రివిట్టూ చేత్తో తడిమానన్నారు. సంతకం పెట్టారు. రెండు మూరల మేర రివిట్లే లేవు. తడిమితే ఖాళీ కన్నాలు తగలాలి. తడమకపోతే సంతకం అబద్ధం. ఏది?"

రాజీవ్ శానిటైజర్ సీసా తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నేనే చెప్తాను. నాగరాజు పనిమంతుడు. ముద్దతో అంటించింది నిలవదని తెలుసు. పరీక్ష రోజు పొద్దున్నే కొత్త రివిట్లు కొనుక్కొచ్చి, ముద్ద గీకి, కొట్టడం మొదలెట్టాడు. నాలుగైదు కొట్టాడు. తర్వాతిది గన్నులో పెట్టాడు కూడా. అదింకా గన్ను నోట్లోనే ఉంది. పొట్లం నిండుగా ఉంది. చేతిలో పని వదిలేసి ఎందుకు లేచాడు? ఎవరో ఆపమన్నారు. ఈ షెడ్డులో నాగరాజుని పని ఆపమనగలిగేవాళ్ళు ఎందరు?"

"ఊహలు!" అన్నాడు రాజీవ్. "అన్నీ ఊహలు!"

"సగం బస్తాలు పడేసరికి రెక్క మెలి తిరగడం మీ కంటికి కనపడింది. మీ కంటికే కనపడుతుంది, చదువుకున్నది మీరు. అప్పుడు పరీక్ష ఆపలేదు. ఆర్డర్లిచ్చే రైతులు చూస్తున్నారు. కుర్చీలు వెనక్కి జరపమన్నారు. ఎండ కొడుతోందన్నారు. భోజనాలయ్యాక, తూర్పు తలుపు తప్ప ఇంకో సందు లేని షెడ్డులో, ఎండ ఎటునుంచి వచ్చింది బాబూ?"

లక్ష్మీనరసింహారావు తల తిప్పి తలుపు వైపు చూశాడు. తర్వాత పడమటి గోడ వైపు చూశాడు. ఉంగరాల చెయ్యి కుర్చీ చేతి మీద బిగుసుకుంది.

"మామగార్ని జరిపారు. రైతుల్ని జరిపారు. నాగరాజుని మాత్రం కిందే కూర్చోబెట్టారు."

"స్కేలు ఎవరో ఒకళ్ళు చూడాలి కదా!" అని అరిచాడు రాజీవ్.

ఆ మాట అనేశాక తనేమన్నాడో అతనికి అర్థం కాలేదు. మిగతా అందరికీ అర్థమైంది. గడప దగ్గర భవాని పిల్లాణ్ణి గుండెకి అదుముకుంది.

"ఎవరో ఒకళ్ళు," అన్నాడు జోజిబాబు నెమ్మదిగా. "ఇంక ఒక్క మాటే మిగిలింది. అది నేను చెప్పలేను." సుబ్బరత్నమ్మ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. "అమ్మా, మూట పెట్టడం తప్పేమో కానీ నేరం కాదు. నాగరాజు దాన్ని సరిచేస్తూనే ఉన్నాడు. చేయనిచ్చుంటే బతికేవాడు. ఆ పొద్దున ఎవరు ఆపారో మీరు చూశారా?"

"అత్తయ్యా," అన్నాడు రాజీవ్, అదే మెత్తటి గొంతుతో. "బీపీ పెరుగుతుంది. ఉదయ మొహం చూడండి ఒకసారి."

ఆమె చూసింది. కూతురు చంకలో పిల్ల నోట్లో వేలేసుకుని ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ళిద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం ప్రవల్లిక ఊపిరి బిగబట్టి చూసింది. పెద్దావిడ నోరు విప్పితే ఆ పిల్ల తండ్రి పోతాడు. విప్పకపోతే గడప దగ్గరున్న పిల్లాడి తండ్రి పోతాడు.

"నా మొహం చూడొద్దమ్మా," అంది ఉదయశ్రీ. "చూసింది చెప్పు."

సుబ్బరత్నమ్మ కొంగు నోటి మీద నుంచి తీసింది.

"ఇడ్లీలు పట్టుకెళ్ళానండీ నాగరాజుకి. 'అమ్మగారూ, మీ మూట భద్రంగా ఉంది, రివిట్లు కొట్టేస్తున్నా, ఇక భయం లేదు' అన్నాడు. అప్పుడే అల్లుడు వచ్చాడు. ఇదేంటని అడిగితే వాడు దాచలేదు, ఉన్నది చెప్పాడు. గంటలో కొట్టేస్తానన్నాడు. అల్లుడు, 'రైతులు రాగానే రెక్క బాగుచేస్తూ కనపడతావా? ఇంకా రిపేరే అవలేదా అని నవ్వుతారు. ఆపెయ్. సగం బరువుతో ఆపేస్తాంలే' అన్నాడు. నాగరాజు నా వైపు చూశాడండీ. నేను... అల్లుడికి తెలీదా అనుకున్నాను." ఆమె గడప వైపు తిరిగింది. "వాడు పోయాక అల్లుడు, 'మీ మూటే చంపింది, నోరెత్తితే మిమ్మల్నే తీసుకుపోతారు' అన్నాడు. నమ్మేశాను. భవానిని చూసి కూడా నోరెత్తలేదు. నాదీ ఒక బతుకేనా?"

"చంపాలని ఎవరనుకుంటారు?" రాజీవ్ ఎస్సై వైపు తిరిగాడు. "రెండేళ్ళ కష్టం సార్ నాది! వాడు కూడా వద్దనలేదు. వాడే కిందకి వెళ్ళాడు."

"మీరు వెళ్ళమంటే వెళ్ళాడు," అన్నాడు ఎస్సై. "పదండి."

లక్ష్మీనరసింహారావు లేవబోయి, "ఎస్సై గారూ, మనం మనం కూర్చుని మాట్లాడుకుంటే..." అన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. మాట మధ్యలోనే ఆపేసి, బల్ల మీద పురి తిరిగిన అట్టపెట్టెని సరిచేయబోయాడు. అది సరి కాలేదు.

జోజిబాబు చేతులు దులుపుకుని బయటికొచ్చాడు. గెలిచిన మొహం కాదు. "సార్, మీరు ఆ గుంటలు చూడకపోతే..." అని ప్రవల్లిక మొదలుపెట్టింది. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "ముందు నీళ్ళివ్వమ్మాయ్. నోరంతా చేదుగా ఉంది."

భవాని గడప దగ్గరే నిలబడి ఉంది. "మా ఆయన్ని ఇవాళే వదుల్తారా సార్?"

"ఆవిడ చెప్పింది స్టేషన్లో రాసుకోవాలి. తర్వాత కోర్టులో కాగితం. ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కానీ వస్తాడు. బండెక్కు, నేను దింపుతాను."

ఆమె వెనక సీట్లో పిల్లాడితో కూర్చుంది. ప్రవల్లిక ముందు కూర్చోబోతుంటే షెడ్డులోంచి సుబ్బరత్నమ్మ వచ్చింది, చెప్పులు కూడా లేకుండా. కారు పక్కన నిలబడి కిటికీలోకి వంగింది.

"నన్ను నాలుగు తిట్టమ్మా," అంది.

"తిట్టే ఓపిక లేదండీ," అంది భవాని. "పిల్లాడికి పాలు పట్టాలి. స్టేషన్‌కెళ్ళాలి."

"నేనూ వస్తాను. ఆ మాట అక్కడ చెప్పాల్సింది నేనే కదా."

లోపల నుంచి మొగుడి పిలుపు వినపడింది. సుబ్బరత్నమ్మ తిరిగి చూడలేదు. వెనక తలుపు తీసింది. భవాని ఆమె వంక చూసింది. సీటు సగం ఖాళీగా ఉంటుంది, కొంచెం పక్కకి ఒదిగితే. ఆమె ఒదగలేదు. పెద్దావిడ మిగిలిన ఆ జానెడు చోటులో, తలుపుకి నొక్కుకుని, అంచు మీదే కూర్చుంది.

జోజిబాబు బండి స్టార్ట్ చేశాడు.